రిఫరీ జట్టు పేరు చెప్పకుండా జెర్సీ రంగు ఎందుకు పిలుస్తారు?

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ):
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడి హైస్కూల్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతోంది. ఈ సీజన్ నుంచి స్కోరర్ బల్ల దగ్గర కూర్చుని పుస్తకం రాసే పని నాకు అప్పగించారు. ఫౌల్ ఇచ్చిన ప్రతిసారీ రిఫరీ మా వైపు వచ్చి ముందు రంగు, తర్వాత నంబరు, ఆ తర్వాత ఫౌల్ ఏమిటో చెబుతున్నారు. బడి పేరు ఒక్కసారి కూడా వినపడదు. మా జట్టు తెలుపు కాబట్టి దానితో ఇబ్బంది లేదు. అయితే మొన్న వచ్చిన జట్టు ముదురు మెరూన్ వేసుకుంటే ఒక రిఫరీ "రెడ్" అన్నారు, ఇంకొకరు "మెరూన్" అన్నారు. దీనికి నియమం ఏదైనా ఉందా? జట్టు పేరే చెబితే అందరికీ తేలిక కదా? మన దేశంలో రిఫరీలుగా పనిచేసినవారు ఎవరైనా ఉంటే, అక్కడి పద్ధతి కూడా చెప్పగలరు.

సమాధానం (హైస్కూల్ రిఫరీ, పెన్సిల్వేనియా):
నమస్కారమండీ. మీరు చూసినది మాకు శిక్షణలో నేర్పే వరసే. ఫౌల్ జరిగిన చోట విజిల్ ఊది, పిడికిలి పైకెత్తి, బల్లకు స్పష్టంగా కనిపించే చోటికి వచ్చి, పూర్తిగా ఆగిన తర్వాతే రంగు, నంబరు, ఫౌల్ రకం, ఆపైన ఫ్రీ త్రోలా (ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసే అవకాశం) లేక త్రో-ఇన్నా (గీత బయటి నుంచి బంతిని లోపలికి అందించడం) అన్నది చెప్పాలి. నడుస్తూ చెబితే సగం మాట జిమ్‌లోని గోలలో కలిసిపోతుంది.

పేరు ఎందుకు వద్దంటే, జెర్సీ మీద ఉన్నది బడి పేరు కావచ్చు, ఊరి పేరు కావచ్చు, జట్టు పెట్టుకున్న జంతువు పేరూ కావచ్చు. రిఫరీ ఆ రెండు జట్లనూ ఆ సాయంత్రమే మొదటిసారి చూస్తూ ఉండవచ్చు. రంగు మాత్రం కోర్టులో ఉన్నవారికీ, బల్ల దగ్గర ఉన్నవారికీ, ఆఖరి వరసలో కూర్చున్న తాతగారికీ ఒకేలా కనిపిస్తుంది. మీరు తల వంచుకుని రాస్తున్నా "వైట్" అని చెవిన పడగానే చెయ్యి ఆ జట్టు పేజీకి వెళుతుంది, నంబరు వినగానే ఆ పేజీలోని వరస దొరుకుతుంది. అందుకే రంగు ముందు రావాలి. రెండు జట్లలోనూ 12వ నంబరు పిల్లలు ఉండి, రంగు సరిగా వినపడకపోతే, ఏ తప్పూ చేయని అమ్మాయి ఖాతాలో ఫౌల్ పడుతుంది. అయిదో ఫౌల్‌తో కోర్టు వదిలి వెళ్లాల్సిన ఆటలో అది చిన్న విషయం కాదు.

మా నియమావళి ప్రకారం హోమ్ జట్టు తెల్ల జెర్సీ, వచ్చిన జట్టు ముదురు జెర్సీ వేసుకోవాలి. ఆ ముదురు రంగును ఏ మాటతో పిలవాలన్నది మాత్రం ఆట మొదలయ్యే ముందు రిఫరీలు తమలో తాము తేల్చుకుని బల్లకు కూడా చెప్పాలి. మీ మ్యాచ్‌లో జరగనిది అదే. నా మట్టుకు నేను మెరూన్‌ను "రెడ్" అనే పిలుస్తాను. చిన్న మాట, ఎంత గోలలోనైనా తునకలు కాకుండా చేరుతుంది. ఎదురు జట్టు తెలుపు కాబట్టి రంగు ఛాయ ఏమిటన్న చర్చ అక్కడ అనవసరం, అందరి నోటా ఒకే మాట రావడమే అవసరం.

ఇంకొక ఉపయోగం కూడా ఉంది. బంతి గీత దాటినప్పుడు మా చెయ్యి దిక్కు చూపిస్తే, నోరు రంగు చెబుతుంది. హాఫ్ టైమ్ తర్వాత జట్లు బుట్టలు మార్చుకుంటాయి కనుక, మూడో క్వార్టర్ మొదట్లో అలవాటు కొద్దీ చెయ్యి పాత దిక్కుకే పోయే ప్రమాదం ఉంది. రంగు కూడా పలికితే, చెయ్యీ మాటా పొసగడం లేదని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

సమాధానం (విజయవాడ):
మన దగ్గర ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల ప్రకారం ఆడతాం. షెడ్యూల్‌లో ముందు పేరున్న జట్టు లేత రంగు, వీలైతే తెలుపు, రెండో జట్టు ముదురు రంగు వేసుకోవాలి. రెండు జట్లూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు. ఫిబా పద్ధతిలో బల్లకు చెప్పవలసినదంతా చేతి సంజ్ఞలతోనే సాగుతుంది: ముందు నంబరు, తర్వాత ఫౌల్ రకం, చివరికి ఫ్రీ త్రోల సంఖ్య లేదా ఆట సాగే దిక్కు. రంగును నోటితో పలకడం దానికి తోడు. అయినా ఆ తోడు లేకుండా పని జరుగుతుందని నేను అనుకోను, ఎందుకంటే నంబరు చూపించే వేళ్లు అది ఏ జట్టు నంబరో చెప్పవు.

అంతర్జాతీయ పోటీల్లో 2014లో నియమం మారేవరకు 4 నుంచి 15 వరకే నంబర్లు ఉండేవి. ఇప్పుడు 0, 00, ఇంకా 1 నుంచి 99 వరకు ఏదైనా ఉండవచ్చు. 24 చూపించాలంటే ముందు చేతి వెనుక వైపు బల్లకు కనిపించేలా రెండు వేళ్లు, తర్వాత అరచేయి బల్ల వైపు తిప్పి నాలుగు వేళ్లు చూపిస్తారు. రాసేవారి కళ్లు ఈ వేళ్ల మీద ఉన్నప్పుడు జట్టు ఏదో చెవికి చేరాలి.

కొత్తగా బల్ల దగ్గర కూర్చునేవారికి ఒక మాట. ఫిబా స్కోర్‌షీట్‌లో 1, 3 క్వార్టర్లకు ఎర్ర పెన్ను, 2, 4 క్వార్టర్లకు నీలం లేదా నల్ల పెన్ను వాడతాం. ఆ పెన్నుల రంగుకూ జెర్సీ రంగుకూ ఏ సంబంధమూ లేదని ఆటకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

సమాధానం (హైదరాబాద్):
టీవీలో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ చూసి హోమ్ జట్టును గుర్తుపట్టాలనుకునేవారికి పై లెక్క పనికిరాదు. 2017-18 సీజన్ నుంచి అక్కడ హోమ్ జట్టు తనకు నచ్చిన జెర్సీని ముందు ఎంచుకుంటుంది, వచ్చిన జట్టు దానికి భిన్నంగా కనిపించేది వేసుకుంటుంది. ఇంకొక సంగతి: ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని మగవారు చాలామందే ఉంటారు. బల్ల దగ్గర అలాంటివారు కూర్చుంటే "లైట్", "డార్క్" అని పిలవమని రిఫరీని ముందే అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. తప్పు పేజీలో ఫౌల్ రాసినట్టు కాసేపటి తర్వాత తెలిస్తే ఏం చేయాలి?

సమాధానం (హైస్కూల్ రిఫరీ, పెన్సిల్వేనియా):
ఆట నడుస్తుండగా హారన్ మోగించకండి. బంతి డెడ్ అయిన (ఆట ఆగిన) వెంటనే రిఫరీని పిలిచి, ఎదురు జట్టు పుస్తకం రాసేవారి సమక్షంలో రెండు పుస్తకాలూ పోల్చి చూపించండి. రాతలో జరిగిన పొరపాటును రిఫరీ తుది స్కోరును ఆమోదించేవరకు ఎప్పుడైనా సరిదిద్దవచ్చు. కాకపోతే అప్పటికే ఒక అమ్మాయిని అయిదు ఫౌళ్ల లెక్కన బయటికి పంపి ఉంటే, ఆమె కోల్పోయిన ఆట తిరిగి రాదు. అందుకని నంబరు విన్నా రంగు వినపడనప్పుడు ఊహించి రాయకుండా, బంతి తిరిగి ఆటలోకి రాకముందే "ఏ రంగు?" అని గట్టిగా అడగండి.