«దశాంశ స్థానం»: నేను మింగేసిన ఆ స్థానం గురించి

అందరికీ నమస్కారం, ఒక మాట మీద మీ అభిప్రాయం కావాలి. మా బావగారి ఊళ్లో పాలకేంద్రానికి చిన్న యాప్ రాసిచ్చాను, లీటర్లు కొట్టే గడిలో పాయింట్ తర్వాత రెండు అంకెలు దాటితే తీసుకోకూడదు, అందుకని «రెండు దశాంశాల వరకు మాత్రమే అనుమతి» అని ఎర్రక్షరాల్లో మెసేజ్ పెట్టా. పాలు పోయించుకునే అమ్మాయి ఫోన్ చేసి, «అన్నా, దశాంశం అంటే పదోవంతు కదా, రెండు దశాంశాలంటే 0.2 లీటర్ల వరకేనా?» అంది. ఆ అమ్మాయి అన్నదే కరెక్టు. దశ, అంశ కలిపితే పదో భాగమే. నేను రాయాల్సింది దశాంశ స్థానాలు అని, స్థానం అనే మాట మింగేశాను.

ఆ తర్వాత అదే మాట కోడ్‌లో కూడా దెబ్బకొట్టింది. ఒక పెద్దాయన 7.30 లీటర్లు పోశాడు, స్లిప్పులో 7.3 అని వచ్చింది. స్లిప్పు పట్టుకుని నిలబడిపోయాడు, «ముప్పై పోశాను బాబూ, మూడే పడిందేంటి?» అని. విలువ ఒకటేనండీ అని చెప్తే ఎలా నమ్ముతాడు, ఆయన కళ్ల ముందే సున్నా ఎగిరిపోయింది కదా. స్థానాలనేవి రాతలో ఉంటాయి, విలువలో ఉండవు. 7.30కి రెండు స్థానాలు, 7.3కి ఒకటి. టైప్ చేసింది నంబర్‌గా మార్చేశాక ఎన్ని స్థానాలని అడిగితే జవాబు పోయినట్టే.

నేను చేసిన తప్పు అక్కడే. నంబర్ చేసేసి, వందతో గుణించి, పూర్ణసంఖ్య వస్తే రెండు స్థానాల్లోపే అనుకున్నా. యాప్ రాసిన కోడ్ భాష జావాస్క్రిప్ట్‌లో 4.35ని 100తో గుణిస్తే 435 రాదు, 434.99999999999994 వస్తుంది, శుభ్రంగా రెండంకెలు కొట్టినామెకి ఎర్ర మెసేజ్ వచ్చింది. 0.0000001 కొడితే జావాస్క్రిప్ట్ దాన్ని తిరిగి 1e-7 అని (అంటే కోటో వంతు అని పొట్టిగా) చూపిస్తుంది, అందులో వెతకడానికి పాయింటే లేదు. ఇప్పుడు కొట్టింది కొట్టినట్టు అక్షరాలుగానే ఉంచి, అటూఇటూ ఖాళీలు, 1,00,000లో లాంటి కామాలు తీసేసి, పాయింట్ తర్వాత అంకెలు లెక్కపెడుతున్నా. పైథాన్ అనే ఇంకో కోడ్ భాష వాళ్లకైతే డెసిమల్ అనే నంబర్ రకం ఉంది, దానికి 7.30ని అక్షరాలుగా ఇస్తే ఆ సున్నాని గుర్తుపెట్టుకుంటుంది, ఫ్లోట్ (మెషీన్ మామూలుగా దాచుకునే పాయింట్ నంబర్) చేసి ఇస్తే మాత్రం లాభం లేదు.

ఇంతకీ మెసేజ్ ఏమని రాయమంటారు?

కామెంట్: నేను లెక్కల టీచర్‌ని. 2.5 పెద్దదా 2.25 పెద్దదా అంటే ఆరో తరగతిలో సగం మంది 2.25 అంటారు, ఎందుకంటే ఇంట్లో దాన్ని «రెండు పాయింట్ ఇరవై ఐదు» అని చదువుతారు, ఐదు కంటే ఇరవై ఐదు పెద్దదే కదా. అందుకే «రెండు పాయింట్ రెండు ఐదు» అని విడివిడిగా చదివిస్తాను. మీ పెద్దాయన ముప్పై, మూడు అన్నదీ ఇదే. అంకె వేరు, సంఖ్య వేరు, ఈ తేడా తెలుగులో చక్కగా ఉంది, వాడుకోండి. «పాయింట్ తర్వాత రెండు అంకెలే వేయండి» చాలు, దశాంశం జోలికే వద్దు.

జవాబు: మేడమ్, చాలా థాంక్సండీ, అదే పెట్టేస్తున్నా, స్లిప్పులో కూడా ఎప్పుడూ రెండంకెలు వచ్చేలా మార్చా. మీరు అంకె అన్నాక ఇంకోటి చూశా, ఫోన్లో తెలుగు అంకెలతో ౪.౩౫ అని కొడితే జావాస్క్రిప్ట్ దాన్ని అసలు నంబరే కాదంటోంది, పైథాన్ హాయిగా తీసుకుంటోంది, కాబట్టి లెక్కపెట్టే ముందు వాటినీ మార్చాలి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మెషీన్ రెండుతో భాగిస్తూ పోతుంది కాబట్టి 0.1ని కచ్చితంగా దాచుకోలేదు. మన పాత లెక్కలో అర, కాలు, ముప్పాతిక, వీసం, అన్నీ రెండుతో తెగేవే. పదహారో వంతు వీసం, అంటే 0.0625, పాయింట్ తర్వాత నాలుగు అంకెలు, అయినా ఫ్లోట్‌లో వీసమెత్తు తేడా రాదు. పదోవంతు ఒక్క అంకే, దానికి తేడా వస్తుంది. కాలు, అర గుర్తులకి యూనికోడ్‌లో (కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకీ ఉన్న పట్టికలో) కూడా చోటుంది, మీలో ఎవరి ఇంట్లోనైనా పాత జమాఖర్చు పుస్తకాల్లో అవి చేత్తో రాసినవి ఉంటే ఫోటో పెట్టండి, చూడాలని ఉంది.