షుగరుతో పాటు మనసు కూడా కుంగితే ఎవరిని కలవాలి? విశాఖ వారు చెప్పండి

సీతమ్మధార కోడలు:
మా అత్తగారికి చాలా ఏళ్లుగా షుగరు. పాదం మీది పుండు మానినా గుమ్మం దాటడం లేదు. ఇన్సులిన్ వేసుకోమంటే "ఎవరి కోసం?" అంటున్నారు. మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ) 10 శాతం దాటింది. మానసిక వైద్యుడికి చూపించాలా, కౌన్సెలింగ్ సరిపోతుందా? రెండు రకాల మందులూ ఒకదానికొకటి పడతాయా? చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తితేనే ఏడుస్తున్నారు. ఎలా ఒప్పించాలి?

గాజువాక విశ్రాంత ఉద్యోగి:
అమ్మా, డాక్టర్ల సంగతి తర్వాత. రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డుకు తీసుకెళ్లి, ఇసుకలో చెప్పులు లేకుండా నడిపించండి. మా నడక బృందంలో సగం మందికి షుగరే, ఒక్కరికీ దిగులు లేదు. మనసు దృఢంగా ఉంటే ఏ రోగమైనా లొంగుతుంది.

మద్దిలపాలెం నర్సు:
బాబాయిగారూ, పుండు మానిన పాదాన్ని ఇసుకలో వట్టికాళ్లతో నడిపిస్తారా? స్పర్శ తగ్గిన కాలికి గవ్వ గుచ్చుకున్నా తెలియదు. మళ్లీ పుండు పడితే ఈసారి వేలు తీసేయాల్సి రావచ్చు. నడక మంచిదే, మెత్తని బూట్లతో, చదునైన చోట. రోజూ రాత్రి అరికాళ్లు చూడండి.

సైకాలజీ ఎం.ఏ., ఆంధ్ర విశ్వవిద్యాలయం:
ఇక్కడ ఈ శాస్త్రం చదువుకున్నవాడిని నేనొక్కడినే అనుకుంటాను, కాబట్టి చెబుతున్నాను. ఆయన నడక గురించి తప్పు చెప్పారేమో గానీ మనోబలం గురించి కాదు. 1989లో అమెరికా మానసిక వైద్యుడు డేవిడ్ స్పీగెల్ 'లాన్సెట్' వైద్య పత్రికలో ప్రచురించిన పరిశోధన చదవండి. రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకిన 86 మంది మహిళల్లో, వారం వారం బృందంగా కూర్చుని మాట్లాడుకున్నవారు మిగిలినవారికంటే దాదాపు రెండింతల కాలం బతికారు.

ఎంవీపీ కాలనీ, రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయింది:
ఆ పరిశోధన ఇంకా చెబుతున్నారా? అదే స్పీగెల్ బృందం మళ్లీ చేసి 2007లో ఫలితం ప్రచురించింది. మొత్తం మీద ఆయుష్షు పెరగలేదు. అదే ఏడాది మనస్తత్వవేత్త జేమ్స్ కోయిన్ బృందం 1,093 మంది తల, మెడ క్యాన్సర్ రోగులను చూసింది. మానసికంగా బాగున్నవారు మిగతావారికంటే ఎక్కువ కాలం బతకలేదు. కీమోలో నేను వాంతులతో పడి ఉంటే చూడవచ్చిన ప్రతివారూ "ధైర్యమే మందు" అన్నారు. నా పక్క మంచం మీద ఉన్న ఆమె చనిపోయింది. ఆమెకు ధైర్యం చాలలేదంటారా? ఆమె పిల్లల ముందు ఆ మాట అనగలరా?

సైకాలజీ ఎం.ఏ., ఆంధ్ర విశ్వవిద్యాలయం:
ఆవేశం వద్దండీ. 2007 పత్రంలోనే, ఈస్ట్రోజెన్ హార్మోనును అందుకునే గ్రాహకాలు లేని కణితులున్నవారిలో ఆయుష్షు పెరిగిందని ఉంది. అది కూడా చెప్పాలి కదా.

ఎంవీపీ కాలనీ, రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయింది:
ఉంది. కొద్దిమందిలో కనిపించినదాన్ని అందరికీ అంటగట్టకండి. బృందంలో కూర్చుంటే బాధ, నొప్పి తగ్గుతాయి, అది నేను ఒప్పుకుంటాను. అందుకోసమే వెళ్లాలి. రోజులు పెరుగుతాయని ఆశ చూపిస్తే, పెరగనప్పుడు తప్పు రోగి మీద పడుతుంది. నేను కోపంగానే ఉన్నాను, ఉంటాను.

మద్దిలపాలెం నర్సు:
షుగరు గురించి అడిగిన అమ్మాయిని క్యాన్సర్‌లో వదిలేశారు. షుగరు లేనివారితో పోలిస్తే ఉన్నవారిలో డిప్రెషన్ సుమారు రెండింతలు. ఈ రెండూ కలిసి ఉన్న 404 మందిపై మన దేశంలోనే పరిశోధన జరిగింది. చెన్నై, ఢిల్లీ, బెంగళూరుతో పాటు మన విశాఖలో కూడా. 2020లో 'జామా' అనే వైద్య పత్రికలో వచ్చింది. మానసిక వైద్యులు కాని సమన్వయకర్తలు రోగులను అంటిపెట్టుకుని ఉంటూ మందులు, మనసు రెండూ కనుక్కున్నారు. నిపుణులు వెనుక నుంచి సలహా ఇచ్చారు. రెండేళ్లకు ఆ బృందంలో 71.6 శాతం మందికి దిగులు సగానికి తగ్గి, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్‌లో ఏదో ఒకటి మెరుగైంది. మామూలు వైద్యం పొందినవారిలో 57.4 శాతం.

అక్కయ్యపాలెం లెక్కల మాస్టారు:
మామూలు వైద్యంతోనే సగం మందికి పైగా బాగుపడితే ఇంత ఆర్భాటం ఎందుకు? ఆ సమన్వయకర్తల జీతాలు ఎవరిస్తారు?

మద్దిలపాలెం నర్సు:
వందమందిలో పద్నాలుగు మంది అదనంగా కోలుకున్నారు మాస్టారూ. ఆ పద్నాలుగు మందికి ఇళ్లు ఉన్నాయి, కోడళ్లు ఉన్నారు. కొత్త మందేదీ కనిపెట్టలేదు, విడవకుండా కనుక్కున్నారు, అంతే. జీతాల సంగతి ప్రభుత్వాన్ని అడగాల్సిందే, నేనూ అడుగుతున్నాను.

పెందుర్తి:
జీతాలు సరే, మా తమ్ముడిని మానసిక వార్డులో చేర్చితే బీమా కంపెనీ డబ్బు ఇవ్వనంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలి కదా?

అక్కయ్యపాలెం లెక్కల మాస్టారు:
ఇవ్వాలి. సెక్షన్ 21(4). లిఖితపూర్వకంగా తిరస్కరణ పత్రం అడిగి, బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టండి.

డయాలసిస్ రోగి కొడుకు, గోపాలపట్నం:
సీతమ్మధార అక్కా, మా నాన్నగారు కూడా మంచం దిగేవారు కాదు. గోవాలో 2017లో వచ్చిన పరిశోధన గురించి మాకు ఒక కౌన్సెలర్ చెప్పారు. 495 మందిపై జరిగింది. ప్రత్యేక చదువు లేని మామూలు మనుషులే శిక్షణ పొంది, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారితో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చున్నారు. మనసు బాగుపడ్డాక లేద్దామని ఆగకుండా, ముందు ఒక చిన్న పని మొదలుపెట్టించడమే పద్ధతి. నాన్నగారికి రైతుబజారులో బేరమాడటం ఇష్టం. డయాలసిస్ లేని రోజున అక్కడికే వెళ్లాం. వంకాయలు పుచ్చులని అందరినీ తిట్టి వచ్చారు. ఇంట్లో పండగే.

గాజువాక విశ్రాంత ఉద్యోగి:
అదే కదా నేనన్నది! బయటికి తీసుకెళ్లమన్నాను.

గోపాలపట్నం:
కాదండీ. మీకు నచ్చిన చోటికి కాదు, ఆవిడకు నచ్చిన చోటికి.

సీతమ్మధార కోడలు:
అందరికీ ధన్యవాదాలు. మందుల ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

మద్దిలపాలెం నర్సు:
డిప్రెషన్ మందుల్లో ఫ్లూఆక్సెటిన్ లాంటివి షుగరును కొంత తగ్గించవచ్చు, ఇన్సులిన్ వేసుకునేవారు గమనించుకోవాలి. అమిట్రిప్టిలిన్ బరువు పెంచవచ్చు. ఇద్దరు డాక్టర్లకూ రెండు చీటీలూ చూపించండి. చినవాల్తేరుకు రానంటే ముందు 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా. "ఎవరి కోసం" అన్న మాటను మాత్రం తేలికగా తీసుకోకండి. చనిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఇన్సులిన్ పెట్టె మీ చేతిలో ఉంచుకోండి. అవునంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) అయినా సరే.

పెందుర్తి:
అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా, హైదరాబాద్ వెళ్లాలా?