పాత గ్రావెల్ క్వారీని పిట్టలకీ పూలకీ వదిలేయాలని ఉంది, ఎవరైనా చేశారా?

గట్టుమీద_పిట్ట: మాది రాజానగరం వైపండి, డెల్టా అంచున ఎర్రమట్టి మెట్ట. తాతగారి ఎకరంన్నరలో గ్రావెల్ తవ్వడం ఆపేసి పదేళ్లయింది, రెండు నిలువుల గొయ్యి మిగిలింది, నాన్నగారేమో పూడ్పించి ప్లాట్లు వేద్దామంటున్నారు. మొన్న పొద్దున్నే వెళ్తే గోడలో పసిరిక పిట్ట (ఈగల్ని పట్టి తినే చిన్న పచ్చ పిట్ట) ఒకటి ముక్కుతో మన్ను పొడిచి కాళ్లతో వెనక్కి చిమ్ముతోంది, కంపచాటున అరగంట నిలబడిపోయా. గోడంతా అలా గూళ్లకి తవ్విన బొరియలే. పూడ్చబుద్ధి కావట్లేదు. ముందు ఏం చెయ్యాలి?

కడియం_నర్సరీ: మొక్కలమ్ముకునే వాడిని, అయినా చెప్తున్నా, కొని నాటొద్దు. చెరువు మట్టి అసలు తోలించకండి. మా చుట్టాలు గోదారి లంక ఒండ్రు తోలించారు, మరుసటేడు నడుమెత్తు వయ్యారిభామ కలుపు లేచింది. తంగేడు, వెంపలి, విష్ణుక్రాంత, తుమ్మి, ఇవన్నీ బీదనేలలో ఎండ తగిలితేనే బాగుంటాయి, బలమైన మన్ను పడితే కలుపు వాటిని నొక్కేస్తుంది. చుట్టుపక్కల గట్ల మీద పండిన తంగేడు కాయలు ఏరి తొలకరికి చల్లండి, చాలు. జిల్లేడు పీకొద్దు, సీతాకోకచిలుకలు దాని ఆకు మీద గుడ్లు పెడతాయి.

ధవళేశ్వరం_వాడిని: 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ఆనకట్ట కట్టించింది మా ఊరి కొండ రాయితోనే. మన వరిచేలకి నీళ్లొచ్చాయంటే ఇక్కడ కొండ తరిగింది కదా. తవ్విన నేలకి మనమూ కాస్త తిరిగివ్వాలి, పూడ్చకండి బాబూ.

లంకమ్మాయి: మా తప్పు మీరు చెయ్యకండి అన్నయ్యా. పిల్లలు పడతారేమోనని మేం జేసీబీతో గోడ ఏటవాలు చేయించేశాం, మరుసటేడు పసిరికా రాలేదు, లకుముకీ రాలేదు, వాటికి నిలువు గోడే కావాలట. పైఅంచున కంచె వేస్తే సరిపోయేది. ఇప్పటికీ అటెళ్తే మనసు చివుక్కుమంటుంది.

సర్కారు తుమ్మ ఉంటే నరికి ఊరుకోకండి, మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది, వేరుతో తీయించాలి. ఆ పని జనవరిలోపే. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా గూళ్లు, గోడ దగ్గరికే పోవద్దు.

కడియం_నర్సరీ: ఇంకోటి, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీకో కమిటీ, ఒక రిజిస్టర్ ఉండాలి. మీ పిట్టలూ మొక్కలూ అందులో రాయించండి.

గట్టుమీద_పిట్ట: నాన్నగారిని నిన్న తీసుకెళ్లి చూపించానండి. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత కంచెకి రాళ్లెన్ని పడతాయో లెక్కేయమన్నారు.