వూ వెయ్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమేనా?

నీటిబొట్టు:
మా తమ్ముడు ఏడాది కిందట ఉద్యోగం మానేశాడు. దానికి నాకు బాధ లేదు. కానీ కరెంటు బిల్లు కట్టమన్నా, అమ్మను బీపీ చెకప్‌కు తీసుకెళ్లమన్నా "అక్కా, జరిగేది దానంతట అదే జరుగుతుంది, నేను కల్పించుకోను. చైనాలో దీన్నే వూ వెయ్ అంటారు" అంటున్నాడు. లావోత్సు అనే ప్రాచీన చైనా తత్వవేత్త పుస్తకానికి అనువాదం తెచ్చి 37వ అధ్యాయం చూపించాడు. తావో (అంటే అన్నిటినీ నడిపే దారి) ఏమీ చేయదు, అయినా చేయకుండా మిగిలేదంటూ ఉండదు అని ఉంది. చదివితే ఆ మాట నాకూ నచ్చింది. అందుకే కొట్టిపారేయలేక అడుగుతున్నాను. వాడు చెప్పే అర్థం అందులో ఉందా?

వెదురుపొద:
మాటకు మాట పెట్టుకుంటే ఉందండీ. వూ అంటే లేదు, వెయ్ అంటే చేయడం. కానీ అదే పుస్తకంలో 60వ అధ్యాయం చూడండి. పెద్ద రాజ్యాన్ని ఏలడం చిన్న చేపను వండటం లాంటిది అంటాడు. చేపల పులుసు వండే ఇంట్లో పెరిగినవాళ్లకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ముక్కలు వేశాక మా అమ్మ గరిటె ముట్టుకోనిచ్చేది కాదు. మసిగుడ్డతో గిన్నె రెండువైపులా పట్టుకుని ఒక్కసారి కుదిపి మళ్లీ పొయ్యి మీద పెట్టేది. గరిటె పెట్టలేదు కాబట్టి ఏమీ చేయలేదు అందామా? మంట తగ్గించింది, వాసన చూసింది, పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

అదే తావో దారిలో నడిచిన ఇంకో తత్వవేత్త చ్వాంగ్ త్సు పుస్తకంలో ఎద్దు మాంసం కోసే వంటవాడి కథ ఇంకా సూటిగా ఉంటుంది. మామూలువాళ్లు నెలకో కత్తి మారుస్తారు, నేర్పరులు ఏడాదికొకటి. అతని కత్తి 19 ఏళ్లుగా, కొన్ని వేల ఎద్దులు కోసినా, అప్పుడే సాన పట్టినట్టుంది. ఎముకల మధ్య సందు ఉంది, కత్తి అంచుకు మందమే లేదు, సందులోంచి పోనిస్తాను అంటాడు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. తర్వాతి మాట చదవాలి. చిక్కుముడిలాంటి చోటికి వస్తే అతను జాగ్రత్త పడతాడు, చూపు అక్కడే నిలుపుతాడు, చేయి నెమ్మదిస్తుంది, కత్తి కదిలీ కదలనట్టు కదులుతుంది. బలవంతం లేదంతే. పని ఉంది.

పాతకోట:
వెదురుపొద గారూ, వంటవాడి కథ చ్వాంగ్ త్సుది. లావోత్సు మాట్లాడేది ఎక్కువగా ఏలేవాళ్లతో. ఏలేవాడు చేయకుండా ఉంటే కింద ఎవరో చేస్తారు. ఈ సిద్ధాంతంలో నాకు నచ్చనిదే అది.

చైనాను ఏలిన హాన్ వంశం తొలినాళ్లలో త్సావ్ షెన్ అని ఒక ప్రధానమంత్రి ఉండేవాడు. క్రీ.పూ. 193లో పదవిలోకి వచ్చి, తనకు ముందున్న శియావ్ హ పెట్టిన చట్టాల్లో ఒక్కటీ మార్చలేదు. రాత్రీ పగలూ తాగేవాడు. సలహా చెప్పడానికి వచ్చిన అధికారులకు నోరు తెరిచే సందివ్వకుండా మద్యం పోసి పంపేవాడు. కుర్ర చక్రవర్తి నిలదీస్తే, మీరు మీ తండ్రి అంతటివారు కారు, నేను శియావ్ హ అంతటివాణ్ణి కాను, వాళ్లు పెట్టింది నిలబెడితే చాలు అన్నాడు. హాన్ కాలపు చరిత్రకారుడు సిమా చియెన్ రాసిన చరిత్రలో ఇదంతా ఉంది, మెచ్చుకుంటూనే రాశాడు. కానీ అదే త్సావ్ షెన్ హయాంలో, క్రీ.పూ. 192లో, రాజధాని చాంగాన్ నగరం గోడ కట్టడానికి 1,46,000 మంది ఆడామగా జనాన్ని 30 రోజులు వెట్టికి తోలారు. పైన మద్యం గిన్నె పట్టుకుని కూర్చున్నాయన వూ వెయ్‌లో ఉన్నాడు సరే. కింద మట్టి మోసిన మనిషికి వూ వెయ్ ఏదండీ?

వెదురుపొద:
గోడ సంగతి ఒప్పుకుంటాను, దానికి నా దగ్గర సమర్థన లేదు. అయితే త్సావ్ షెన్‌ను తప్పు పట్టడానికి లావోత్సు మాటే సరిపోతుంది. 75వ అధ్యాయంలో జనం ఆకలితో ఉన్నారంటే పైవాళ్లు పన్నులు మింగుతున్నారు కాబట్టే అంటాడు. అంటే బరువు ఎవరి మీద పడుతోందో ఆయన చూడమంటున్నాడు. 64వ అధ్యాయం చివర జ్ఞాని ప్రతిదీ తన స్వభావంలో తాను ఎదగడానికి సాయపడతాడు, మీదపడి చేయడు అని ఉంది. 1993లో హూబే రాష్ట్రంలో క్వోత్యెన్ దగ్గర ఒక సమాధిలో దొరికిన వెదురు పలకల మీద కూడా ఈ మాట ఉంది, అవి సుమారు క్రీ.పూ. 300 నాటివి. సాయపడటం అనేది క్రియే కదండీ.

ఇక తమ్ముడికి చూపించాల్సింది 2వ అధ్యాయం. చేస్తాడు, చేసినదాన్ని పట్టుకుని వేలాడడు, పని పూర్తయ్యాక అందులో కూర్చోడు అని ఉంటుంది. వదులుకోమన్నది పని మీద హక్కును. బిల్లు కట్టి, కట్టానని చెప్పకుండా ఉంటే అది వూ వెయ్‌కి దగ్గర. అతను కట్టకపోతే బిల్లు మాయం కాదు, మీ మీద పడుతుంది.

పాతకోట:
చేసి వదిలేయడం అంటే మనకు వెంటనే గీత గుర్తొస్తుంది, కానీ రెండూ కలపకండి. గీత స్వధర్మం చేయమంటుంది. లావోత్సు 18వ అధ్యాయంలో తావో పోయాకే ధర్మం గురించిన మాటలు పుట్టాయంటాడు. "నీ బాధ్యత నీది" అని లావోత్సు పేరు చెప్పి తమ్ముణ్ణి ఒప్పించలేరు. ఆ మాట మీ మాటగానే చెప్పండి.

నీటిబొట్టు:
ఇద్దరికీ థ్యాంక్స్ అండీ. చేపల పులుసు మాట నాకే తగిలింది. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి "కట్టావా, వెళ్లావా" అని నేనే గరిటె తిప్పుతున్నాను. శనివారం అమ్మ చెకప్ ఉంది. టైమ్, డాక్టర్ గది నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. "ఆ రోజు నేను ఊళ్లో ఉండను, అమ్మ నీ మీదే ఆధారపడి ఉంది" అని వాడికి ఒక్కసారి చెప్పాను. మళ్లీ ఫోన్ చేయను. అమ్మ వెళ్లిందో లేదో ఇక్కడే వచ్చి చెప్తాను.