రాసిన కథ బయటపెట్టే ధైర్యం చాలట్లేదు, ఏం చేయాలి?

కథలు రాస్తుంటాను. రాసేటప్పుడు బాగానే ఉంటుంది, మర్నాడు చదివితే ప్రతి వాక్యం తేలిపోయినట్టు కనిపిస్తుంది. మొదటి పేరానే దిద్దీ దిద్దీ అందులో ఉన్న కాస్త జీవం కూడా పోతుంది, ఇక రెండో పేజీకి ఓపిక ఉండదు. ఎవరైనా బాగుందంటే మొహమాటానికి అన్నారేమో అనిపిస్తుంది. ఒక్కరు పెదవి విరిస్తే రోజుల తరబడి అదే టెన్షన్. 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే సైకాలజిస్టులు వివరించిన ‘ఇంపోస్టర్ ఫినామినన్’ (మనకి నిజానికి అంత సత్తా లేదని, అది ఎప్పుడో బయటపడుతుందని లోలోపల భయపడటం) గురించి చదివాను. ఎంతో సాధించినవాళ్లకీ ఈ బాధ తప్పదని తెలిసి కాస్త ఊరట కలిగింది గానీ పెన్ను మాత్రం కదల్లేదు.

‘నిన్ను నువ్వు నమ్ముకో’ లాంటి మాటలు వద్దండీ, వినీ వినీ విసుగొచ్చింది. రాస్తూనో, బొమ్మలు వేస్తూనో, పాటలు కడుతూనో ఇది దాటినవాళ్లు చెప్పండి: చిత్తుప్రతి పూర్తయ్యేదాకా దిద్దకుండా ఎలా ఆగారు? మొదట ఎవరికి చూపించారు? నిజంగానే బాగాలేని పనికీ, ఉత్త భయానికీ తేడా ఎలా పట్టుకున్నారు?