టిక్కర్ టేప్ లెక్క: త్వరణం 100 కరెక్టా, 120 కరెక్టా?

ప్రశ్న:
వాలుగా పెట్టిన బల్ల మీద ట్రాలీని వదిలి టేప్ తీశాం, అంటే ట్రాలీ వెనక కట్టిన కాగితపు టేప్ మీద టిక్కర్ టైమర్ సమాన వ్యవధుల్లో చుక్కలు కొడుతుంది. టైమర్ 50 హెర్ట్జ్‌ది, అంటే చుక్కకీ చుక్కకీ మధ్య 0.02 సెకను. మొదట్లో కలిసిపోయిన చుక్కలు వదిలేసి, ఐదేసి ఖాళీలకు ఒక ముక్క చొప్పున కత్తిరిస్తే ఆరు ముక్కలొచ్చాయి, పొడవులు 2.1, 3.3, 4.5, 5.7, 6.9, 8.1 సెం.మీ. మొదటి ముక్కలో వేగం 21 సెం.మీ./సె., చివరిదాంట్లో 81. ఆరు ముక్కలు కదా అని 0.6తో భాగిస్తే త్వరణం 100 వస్తోంది, నా పక్కవాడేమో 0.5తో భాగించి 120 అంటున్నాడు. ఎల్లుండి రికార్డు ఇవ్వాలి, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
120 కరెక్ట్ తమ్ముడూ. 21 అనేది మొదటి ముక్క మొదలైనప్పటి వేగం కాదు, ఆ 0.1 సెకనులో సగటు వేగం. త్వరణం మారకుండా ఉంటే సగటు వేగం సరిగ్గా ఆ వ్యవధి మధ్యలో ఉన్న వేగమే అవుతుంది, కాబట్టి 21 అనేది 0.05 సెకను దగ్గరిది, 81 అనేది 0.55 దగ్గరిది, రెంటికీ మధ్య గడిచింది 0.5 సెకనే. పొడవులు చూసినా తెలుస్తుంది: ప్రతి ముక్కా ముందుదానికంటే 1.2 సెం.మీ. ఎక్కువ, అంటే 0.1 సెకనుకి వేగం 12 పెరుగుతోంది, సెకనుకి 120. ఈ 0.6 చాలా రికార్డుల్లో దిద్దకుండానే ఉండిపోతుంది, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

జవాబు 2:
ముక్కల్ని గ్రాఫ్ పేపర్ మీద పక్కపక్కనే నిలువుగా అతికించి, ప్రతిదాని పై అంచు మధ్యలో చుక్క పెట్టి కలుపు. ఆ గీత వాలే త్వరణం. గీతని వెనక్కి పొడిగిస్తే వేగం సున్నాకి కాకుండా 15 సెం.మీ./సె. దగ్గరికి వస్తుంది, దానికి టెన్షన్ పడకు, మొదటి చుక్కలు వదిలేశారు కాబట్టి మీరు కొలత మొదలుపెట్టేసరికే ట్రాలీ కదులుతోంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా, అర్థమైంది. వచ్చే వారం ఇదే టైమర్‌తో బరువు కిందికి వదిలి g (గురుత్వ త్వరణం) కనుక్కోవాలి, 9.8 వస్తుందా?

జవాబు 1:
కొంచెం తక్కువే వస్తుంది. టేప్ టైమర్‌లోంచి జారేటప్పుడు రాసుకుంటుంది, కార్బన్ కాగితం దగ్గర కూడా పట్టేస్తుంది. బరువు తేలికైతే ఆ ప్రభావం బాగా కనబడుతుంది, అందుకని కాస్త బరువైన గుండు కట్టండి, టేప్‌ని పైన నిటారుగా పట్టుకుని వదలండి. ఒక్కో ఖాళీ ముందుదానికంటే దాదాపు 4 మి.మీ. పెరగాలి. 3 మాత్రమే పెరుగుతుంటే లెక్క దాకా వెళ్లొద్దు, టేప్ ఎక్కడ పడుతోందో ముందు అది చూడండి.