నల్లరేగడి పెరట్లో నాపరాళ్లు ఊగుతున్నాయి, సొరపిందెలు నిలవడం లేదు. ఏం చేయాలి?

పెరటి పంతులమ్మ (జూన్ 29)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే దారిలో ఒక ఊరు. నేను బడిలో లెక్కలు చెబుతాను. ఈ వేసవిలో మా ఇంటి లెక్కే తప్పింది.

సెలవులిచ్చిన మర్నాడే పిల్లలిద్దరూ ఫోన్లు పట్టుకుని మంచాలెక్కారు. చూడలేక, ఈసారి పెరడు బాగుచేద్దామని నేనే నోరు జారాను. మా ఆయన ఎగిరి గంతేశారు. ఆయనకు పని కన్నా పనికి ముందు వీడియోలు చూడటం ఎక్కువ ఇష్టం.

మాది నల్లరేగడి. ఏప్రిల్ చివరికి పెరడంతా నెర్రెలు విచ్చింది. ఒక నెర్రె ఎంత లోతుందో కొలుద్దామని మా అమ్మాయి తన అడుగు స్కేలు నిలువుగా దింపింది. చేయి జారింది, స్కేలు లోపలికి వెళ్లిపోయింది. ఇనుప చువ్వతో గెలికినా అందలేదు. ఆ రోజే మాకు బుద్ధి రావాల్సింది.

రాలేదు. వంటగది గోడను ఆనుకుని నిలువు 12 అడుగులు, అడ్డం 8 అడుగులు చదును చేశాం. నెర్రెల్లో ఇసుక నింపి, పైన రెండంగుళాలు పరిచి, రెండడుగుల మాచర్ల నాపరాళ్లు 24 వేశాం. రాయి మోయడానికి మేమిద్దరం, "మెల్లగా, మెల్లగా" అనడానికి మా అత్తయ్య. పొద్దున పదింటికల్లా ఆపేసి మళ్లీ సాయంత్రం ఐదుకు మొదలుపెట్టేవాళ్లం. వారం పట్టింది. మట్టం చూసే రసమట్టం పెడితే అందులోని బుడగ సరిగ్గా నడిమధ్యన నిలిచింది. మా ఆయన ఆ బుడగకు ఫోటో తీసి బంధువులందరికీ పంపారు.

రోహిణి కార్తె అంతా రాళ్లు కదల్లేదు. మృగశిర వచ్చాక రెండు పెద్ద వానలు పడ్డాయి, అంతే. నడిమి వరసలు ఉబ్బాయి. రెండో వరసలో మూడో రాయి మీద కాలు పెడితే అవతలి అంచు లేస్తోంది. నీళ్లన్నీ వెనక్కి వచ్చి గోడ పక్కన నిలబడుతున్నాయి. డాబా మీది వాన గొట్టం దిగేది కూడా అక్కడే.

మేస్త్రి "అన్నీ పీకేసి కాంక్రీటు పోసేద్దాం మేడం" అంటున్నాడు. సందుల్లో సిమెంటు కూరితే కదలవని మా ఆయన వాదన. నాకు కాంక్రీటు ఇష్టం లేదు. సాయంత్రం నీళ్లు చల్లుకుని కూర్చోవడానికే కదా రాళ్లు వేసింది!

ఇక సొరపాదు. సరుగుడు బాదులు పాతి, జీఐ తీగ (తుప్పు పట్టకుండా పూత వేసిన ఇనుప తీగ) లాగి పందిరి వేశాం. పాదు బ్రహ్మాండంగా అల్లుకుంది, పూలు బోలెడు. పిందె బొటనవేలంత అయ్యేసరికి పసుపెక్కి రాలిపోతోంది. గుమ్మడికి చేయడం ఏదో వీడియోలో చూసి మా అబ్బాయి రోజూ పొద్దున ఏడింటికి కుంచెతో పూలకు పుప్పొడి రాస్తున్నాడు. అయినా ఒక్కటీ నిలవలేదు. మా అమ్మాయి పిందెలకు వేలు పెట్టి చూపించిందట, అందుకే రాలుతున్నాయని అత్తయ్య తీర్పు చెప్పేశారు. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని పెరట్లోకే రావడం మానేసింది. దారి చెప్పండి.

సైటు బాబాయి (జూన్ 29)

అమ్మా, ముప్పై ఏళ్లు సైట్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ మేస్త్రిదీ తప్పే, మీ ఆయనదీ తప్పే. కింద నల్లమట్టిని అలాగే ఉంచి సందుల్లో సిమెంటు కూరితే రాళ్లు ఊగవు, పగులుతాయి. పలచటి కాంక్రీటు పోసినా రెండు వేసవులు ఆగి చూడండి, గీత పడుతుంది.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. నెర్రెలంటే అది ముడుచుకున్న జాగా. తడిశాక మళ్లీ ఆ జాగాలోకే సర్దుకోవాలి. మీరు అందులో ఇసుక నింపేశారు. ఇక అది ఎటు పోతుంది? పైకే. పైగా ఇసుక జల్లెడ లాంటిది, వాన నీళ్లను తిన్నగా నల్లమట్టికి చేరవేస్తుంది.

రాళ్లు తీసి పక్కన పేర్చండి. ఆ జాగా మొత్తం అడుగు లోతు నల్లమట్టి తీసేయండి. గుంట అడుగు కూడా గోడ నుంచి అవతలికి వాలాలి. లేకపోతే అది గంగాళంలా నీళ్లు పట్టి కూర్చుంటుంది. ఒక ట్రాక్టరు ట్రక్కు, కాస్త పైన గ్రావెల్ (గరుసు మట్టి) తోలించండి. ఒకేసారి నింపొద్దు. నాలుగంగుళాలు వేయడం, నీళ్లు చిలకరించడం, దిమ్మిసతో గట్టిపడేలా కొట్టడం, మళ్లీ నాలుగంగుళాలు. పైన రెండంగుళాలు క్వారీ డస్ట్ (రాతి పొడి) పరిచి రాళ్లు వేయండి. సందుల్లో కూడా ఆ డస్టే.

ఇంకోటి. బుడగ నడిమధ్యన నిలవడం ఇంట్లో బాగుంటుంది, ఆరుబయట అదే తప్పు. నాలుగడుగులకు అంగుళం చొప్పున వాటం పెట్టండి. మీ 8 అడుగులకు గోడ దగ్గర కన్నా అవతలి అంచు రెండంగుళాలు కిందికి ఉండాలి. డాబా గొట్టాన్ని ముందు దారి మళ్లించండి, అసలు దొంగ అదే. గోడ పక్కన ఇంకుడు గుంత తవ్వమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. నల్లమట్టిలో నీళ్లు త్వరగా ఇంకవు, పునాది దగ్గర చేరితే గోడకే పగులు.

ఇప్పుడు నేల తడిసి నెర్రెలు మూసుకుని ఉంటుంది కాబట్టి వాన తెరిపివ్వగానే మొదలుపెట్టండి. ఎండిన నేల మీద పని చేస్తే మళ్లీ ఇదే కథ.

మల్లెపందిరి (జూన్ 30)

అక్కా, రాళ్ల సంగతి నాకు తెలియదు గానీ సొరపాదు సంగతి చెప్తాను. మీ అబ్బాయి కష్టమంతా వృథా అవుతోంది. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. తెల్లటి పువ్వు ఊరికే అవుతుందా, చీకట్లో రెక్కల పురుగులకు కనపడాలిగా! పొద్దున ఏడింటికి మీరు చూసేది వాడిపోతున్న పువ్వు.

దీపాలు పెట్టే వేళకు పందిరి కిందికి వెళ్లండి. పువ్వు వెనక బుల్లి కాయ ఉంటే ఆడది, సన్నటి పొడుగు కాడ ఉంటే మగది. మగపువ్వు కోసి, రెక్కలు గిల్లేసి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దండి. కుంచె అక్కర్లేదు. బీరకూ సాయంత్రమే. కాకర మాత్రం పొద్దున.

మగపూలు మరీ ఎక్కువగా ఉంటే తీగల కొసలు గిల్లండి. పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు వాటికే ఎక్కువ. సాయంత్రం పూట వేపనూనె కొట్టే అలవాటుంటే మానుకోండి. ఇక పిందె మీద సూది గుచ్చినట్టు చుక్క, అందులోంచి జిగురు కనిపిస్తే అది పండు ఈగ. అలాంటి పిందెల్ని పాదు కింద వదలకండి, ఏరి పారేయండి.

పాపను ఏమీ అనొద్దని మీ అత్తయ్య గారికి చెప్పండి.

బద్ధకరాజు (జూన్ 30)

మా పెరట్లో పూర్తిగా కాంక్రీటు పోయించాం. ఊడ్చుకోవడం చాలా సుఖం. కాకపోతే మే నెలలో రాత్రి తొమ్మిదింటికి కూడా చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం, పక్కనున్న పడగ్గది పొయ్యి మీద పెనంలా ఉంటుంది. మీ ఇష్టం.

పెరటి పంతులమ్మ (జూన్ 30)

బాబాయి గారూ, మీ జవాబు మా ఆయనకు చదివి వినిపించాను. బుడగ ఫోటో దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్లిపోయారు. ఒక్క సందేహం. తీసిన నల్లమట్టిని ఏం చేయాలి?

సైటు బాబాయి (జూలై 1)

పారేయకండి. పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి మడులు కట్టండి. మొక్కకు అది బంగారం. రాయికే పడదు.

పెరటి పంతులమ్మ (జూలై 20)

అందరికీ మళ్లీ నమస్కారం. ఆలస్యమైంది, బడులు తెరిచాక ఆదివారాలే మిగిలాయి.

మొదటి ఆదివారం రాళ్లు తీశాం. తిరగేస్తే కొన్నింటి కింద వేలు దూరేంత ఖాళీ ఉంది, పక్క రాయి కింద మట్టి గట్టులా లేచి ఉంది. గొట్టానికి రెండు ఎల్బోలు వేసి పందిరి అవతలున్న అరటిచెట్ల వైపు మళ్లించాం. తవ్వడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాం, తడి నల్లమట్టి పారకు అంటుకుంటే వదలదు, మావల్ల కాలేదు. దిమ్మిస మాత్రం మా ఆయనే కొట్టారు, మూడు రోజులు చేయి ఎత్తలేకపోయారు. నిన్న ఆఖరి వరస పడింది. ఈసారి బుడగ అవతలి అంచు నుంచి గోడ వైపు జరిగి ఉంది. దానికి ఫోటో తీయలేదు.

అన్నట్టు, తవ్వేటప్పుడు మా అమ్మాయి స్కేలు దొరికింది. ఏప్రిల్‌లో పడింది పడినట్టే నిలువుగా ఉంది, చుట్టూ నేల గట్టిగా మూసుకుపోయింది. కడిగిస్తే అంకెలు కూడా చెరిగిపోలేదు. మళ్లీ బడికి పట్టుకుపోతోంది.

సొరపూల డ్యూటీ ఇప్పుడు సాయంత్రం ఆరున్నరకు. అబ్బాయి మగపువ్వు అద్దుతాడు, చెల్లెలు టార్చి పడుతుంది. మొదట అద్దిన మూడింటిలో రెండు నిలిచాయి. మొన్న శుక్రవారం ఒకటి కోసి పాలు పోసి వండాను. ఇంకో నాలుగు వేలాడుతున్నాయి. ఎవరైనా ఇంటికొస్తే మా అమ్మాయే తీసుకెళ్లి చూపిస్తోంది. వేలు మాత్రం మడిచి వెనక పెట్టుకుని, గడ్డం ఎత్తి చూపిస్తోంది.